సముద్రం వైపు సీటు

ఈసారి స్టీరింగు నాది.
అరవై మూడో ఏట లైసెన్సు తీసుకున్నాను,
రెండుసార్లు తప్పి,
మూడోసారి జోరువానలో పాసై.

పక్క సీట్లో ఎలాదియో,
లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ.
ముప్పై ఒక్క ఏళ్లు ఇదే దారిలో బస్సు నడిపాడు,
మాల్పికా నుంచి ఫిస్తెర్రా దాకా,
పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.
"రోజూ సముద్రం చూస్తావు, పెట్టి పుట్టావయ్యా" అని ఎవరైనా అంటే
"సముద్రమా? పక్క అద్దంలో అరచేతంత" అనేవాడు.
"మిగతాదంతా మలుపులే."

ఈ వ్యాను పోయిన జన్మలో చేపల బండి.
మంచం వేశాం, పొయ్యి బిగించాం,
కిటికీలకు నేనల్లిన లేసు కట్టాను.
అయినా నాలుగు చినుకులు పడితే చాలు
గోడల్లోంచి సార్డీన్లు లేచి వస్తాయి.
"టికెట్టు లేని ప్రయాణికులు" అంటాడు ఎలాదియో.

మా తీరానికి మృత్యుతీరమని పేరు.
మునిగిన ఓడలు పెట్టిన పేరు.
అది వినే ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు,
రాళ్ల మీద నిలబడి ఫొటో దిగిపోతారు.
మాకు మాత్రం
చలికాలమంతా బట్టలారని తీరం.

లాషే దాటాక "ఆపు" అన్నాడు.
ఖాళీ రోడ్డు. పసుపు పూల ముళ్లపొదలు.
రాతి కాళ్ల మీద నిలబడ్డ ఒక మొక్కజొన్న గాదె.
"ఇక్కడ కార్మిన్యా ఉండేది, పాల క్యాన్లతో."
తలుపు తీశాడు. గాలి ఎక్కింది.
తలుపు మూశాడు. "పోనియ్."

ఇట్లా పదకొండు చోట్ల.
కాఫీ చల్లారింది. నా నడుము మొత్తుకుంటోంది.
వెనకాల జర్మనీ నంబరు క్యాంపర్ ఒకటి
హారన్ కొట్టడానికి మొహమాటపడుతూ.
నేనేమీ అనలేదు.
లేసులో ఒక్క సూది తప్పినా
అక్కడిదాకా విప్పుకుంటూ పోయి మళ్లీ గుచ్చినదాన్ని,
నేనెవరిని అనడానికి.

పన్నెండో చోట మనిషి ఉన్నాడు.
షెల్టరులో, గొడుగు వేసుకుని,
కాళ్ల దగ్గర బంగాళాదుంపల సంచితో రొసెందో.
ఈ రూటు రద్దయి తొమ్మిదేళ్లు.
వాన తగ్గేదాకా నిలబడ్డాడేమో అనుకుందామంటే
ఆ షెల్టరుకు కప్పే లేదు.
వ్యాను కేసి చూడలేదు. ఎలాదియో మొహం చూశాడు,
చేతి గడియారం చూసుకున్నాడు.
"ఆలస్యమైంది" అన్నాడు.
"అయింది" అన్నాడు మా ఆయన.

మా మంచం మీద కూర్చున్నాడు రొసెందో,
గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని,
ముషియా దాకా ఒక్క మాట లేదు.
దిగేముందు నాణేలు లెక్కపెట్టి ఇచ్చాడు, పాత రేటే.
ఎలాదియో వద్దనలేదు.
తీసుకున్నాడు, మళ్లీ లెక్కపెట్టాడు,
జేబులు తడుముకుని చిల్లర ఇచ్చాడు.
నాలుగు బంగాళాదుంపలు తర్వాత మంచం కింద దొరికాయి,
జారిపడ్డాయో, వదిలిపెట్టాడో.

అక్కణ్ణుంచి ఇక ఆపమనలేదు.
దారి కొండ అంచు మీదికెక్కింది.
మంచు ఒక పక్కనుంచి చిరిగి
కింద ఏదో తళుక్కుమంది.
లేని బ్రేకు మీంచి ఆయన కాలు ఎప్పుడు తీశాడో,
నుదురు అద్దానికి ఆనించాడు.
ఊపిరికి అద్దం మసకబారితే
చొక్కా చేత్తో తుడిచి మళ్లీ ఆనించాడు.

"దొరిండా, ఈ రంగు...
ఎప్పుడూ ఇంతేనా?"

ఆయన బస్సులో ఆ వైపు సీటు
ఎన్ని ఆదివారాలు నాదో!
మధ్యాహ్నం రంగు వేరు, వానకు ముందు వేరు,
సీసం రంగు, బటానీ రంగు, ఏ రంగూ కానిది ఒకటి,
అన్నీ చెబుదామని తల తిప్పబోయాను.

మలుపు వచ్చింది.

"నాకు కనపడట్లేదు" అన్నాను,
"నువ్వే చూసి చెప్పు."